హాస్పిటల్ కిటికీలు ఎవరు మూశారు?

ఈ రోజు ఒక పదంతో మొదలుపెడతా. వెంటిలేటర్.

ఈ మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? ఐసీయూ, బీప్ బీప్‌మనే మెషీన్, నోట్లోంచి లోపలికి వెళ్లే పైపు, రోజుకి ఇంతని బిల్లు. కరోనా తర్వాత మనందరికీ అదే. కానీ మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. వాళ్లకి వెంటిలేటర్ అంటే తలుపు పైనో కిటికీ పైనో, కప్పుకి కొంచెం కింద గోడలో పెట్టే చిన్న ఖాళీ. దానికో జాలీ, అందులో పిచ్చుక గూడు. "వెంటిలేటర్లు ఎక్కడెక్కడ పెట్టమంటారు?" అని మేస్త్రీ అడిగేవాడు. ఒకప్పుడు గదికి ఊపిరి ఇచ్చేదాని పేరు, ఇప్పుడు మనిషికి ఊపిరి ఇచ్చే మెషీన్ పేరు అయిపోయింది.

ఇంకోటి గమనించండి. మీ ఊళ్లో ఒక పాత ప్రభుత్వాసుపత్రి బిల్డింగ్ ఉంటుంది. హైదరాబాద్ వాళ్లైతే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా హాస్పిటల్ పాత బిల్డింగ్ తీసుకోండి. 1908 మూసీ వరదల తర్వాత, ఏడో నిజాం కాలంలో కట్టింది, డిజైన్ విన్సెంట్ ఎష్‌ది. కప్పు ఎక్కడో పైనుంటుంది. పొడుగు వరండాలు, మనిషి కంటే ఎత్తైన కిటికీలు. ఇప్పుడు ఏదైనా కొత్త కార్పొరేట్ హాస్పిటల్‌కి వెళ్లండి. బయటంతా అద్దాలే. కానీ చేత్తో తెరవగలిగే కిటికీ ఒక్కటి నాకు వెతికి చూపించండి చూద్దాం.

ఏసీ వచ్చింది కాబట్టి కిటికీ పోయింది అని మనం అనుకుంటాం. అది సగం కథే. మిగతా సగం సైన్స్ హిస్టరీలో ఉంది, అదే నాకు బాగా ఇంట్రెస్టింగ్. ఒక తప్పు థియరీ మంచి హాస్పిటళ్లు కట్టించింది. తర్వాత ఒక కరెక్ట్ థియరీ వచ్చి వాటి కిటికీలు మూయించింది. ఎలాగో చూద్దాం.

1854. క్రిమియా యుద్ధం నడుస్తోంది. ఒక పక్క రష్యా, ఇంకో పక్క బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ. గాయపడ్డ బ్రిటిష్ సైనికుల్ని ఓడలెక్కించి, నల్ల సముద్రం దాటించి, ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారికి తెచ్చేవాళ్లు. అక్కడున్నది అసలు హాస్పిటల్‌గా కట్టిందే కాదు, టర్కీ సైన్యం పెద్ద బ్యారక్స్. ఆ నవంబర్‌లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడ దిగింది.

స్కూల్లో మనకి చెప్పిన కథ ఏంటి? రాత్రిపూట దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగింది, ప్రేమగా చూసుకుంది, సైనికులు కోలుకున్నారు. సారీ, నంబర్లు అలా చెప్పట్లేదు. ఆవిడ వచ్చాక కూడా ఆ చలికాలమంతా చావులు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు దాదాపు 42 శాతం. అందులోనూ ఎక్కువమంది తూటా దెబ్బలకి పోలేదు. విరేచనాలు, కలరా, జ్వరాలు. యుద్ధంలో బతికి హాస్పిటల్‌లో పోయారు.

మార్చిలో లండన్ నుంచి ఒక శానిటరీ కమిషన్ వచ్చింది. జాన్ సదర్లాండ్ అని ఒక డాక్టరు, రాబర్ట్ రాలిన్సన్ అని ఒక సివిల్ ఇంజినీరు. వాళ్లు వచ్చి మందులివ్వలేదు. బిల్డింగ్ కింద నిండిపోయి ఉన్న మురుగు కాలవలు కడిగించారు. చచ్చి కుళ్లుతున్న జంతువుల్ని తీయించారు. గోడలకి సున్నం కొట్టించారు. వార్డుల్లో గాలి ఆడేలా ఓపెనింగ్స్ చేయించారు. జూన్ వచ్చేసరికి అదే రేటు 2 శాతం చుట్టుపక్కలకి పడింది. దీపం ఫోటో మాత్రం మన టెక్స్ట్‌బుక్‌లో మిగిలింది. మురుగు కాలవ కడిగినవాడి ఫోటో ఎవరేస్తారు చెప్పండి.

నైటింగేల్ గొప్పతనం నా లెక్కలో ఇంటికి తిరిగొచ్చాక మొదలైంది. విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కూర్చుని ఈ లెక్కలన్నీ తిరగేసింది. ఏ నెల ఎంతమంది, దేనివల్ల పోయారో రంగుల చార్టులు గీసింది. ఈ రోజు మనం డాష్‌బోర్డ్ అంటామే, అదే పని 1858లో చేతితో చేసింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలు ఆవిడే. ఆ లెక్కల్లోంచి ఆవిడ తీసుకున్న పెద్ద పాఠం, చంపింది జబ్బు కంటే ఎక్కువగా బిల్డింగేనని. ముఖ్యంగా, లోపలి చెడు గాలి.

ఇక్కడే మ్యాటర్ ఉంది. అప్పట్లో డాక్టర్లు చాలామంది నమ్మింది మియాస్మా థియరీ. కుళ్లిన వాటిలోంచి, మురుగులోంచి, మనుషుల ఒంటి మీంచి ఒక విషపు గాలి లేస్తుంది, అదే జబ్బు. మలేరియా అనే పేరే అక్కడినుంచి వచ్చింది, ఇటాలియన్‌లో మాల్ అరియా అంటే చెడు గాలి. మనం కూడా తక్కువేం కాదు. "పిల్లాడికి గాలి సోకింది" అంటాం. జబ్బు చేసి లేచినవాళ్లని గాలి మార్పు కోసం వేరే ఊరు పంపడం మన పాత కథల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు!

ఈ థియరీ తప్పు. స్కుటారిలో చంపినవాటిలో చాలావరకు నీళ్లలోంచి, పేలలోంచి వచ్చిన జబ్బులు. కాబట్టి ఆ 42 నుంచి 2కి పడడంలో కిటికీల వాటా కంటే మురుగు కాలవల వాటానే చాలా ఎక్కువ అని నా అంచనా. కానీ ఆ తప్పు థియరీ పట్టుకుని ఆవిడ 1859లో నోట్స్ ఆన్ హాస్పిటల్స్ అనే పుస్తకం వేసింది. దాంట్లో ఉన్న వార్డు డిజైన్ చూస్తే ఇంజినీర్లకి ముచ్చటేస్తుంది.

ఒక పొడుగాటి హాలు. సుమారు 30 మంచాలు, రెండు వైపులా వరసగా. ఒక గోడలో కిటికీలు, వాటికి సరిగ్గా ఎదురుగా అవతలి గోడలో కిటికీలు. రెండు మంచాలకి కనీసం ఒక కిటికీ. కిటికీ కింద అంచు నేల నుంచి రెండు మూడడుగుల్లో మొదలై, పై అంచు కప్పుకి ఒక అడుగు కిందదాకా వెళ్లాలి. కప్పు ఎత్తు 15, 16 అడుగులు. ఒక్కో పేషెంట్‌కి 1,500 ఘనపుటడుగుల చోటు. ఈ నంబర్ ఎంతో అర్థం కావాలంటే మీ బెడ్‌రూమ్ కొలవండి. 10 బై 12 గది, 10 అడుగుల ఎత్తు అనుకుందాం, 1,200 ఘనపుటడుగులు. అందులో మనం ఇద్దరం ముగ్గురం పడుకుంటాం, తలుపు కింద సందు కూడా మూసి, ఏసీ 24లో పెట్టి.

కిటికీ అంత పైకి ఎందుకు? వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన దారి ఉంటే బయటికి పోతుంది, కింద నుంచి చల్లటిది లోపలికి వస్తుంది. మోటర్ అక్కర్లేదు, కరెంట్ అక్కర్లేదు. మన వెంటిలేటర్ జాలీ చేసేది ఇదే పని. ఎదురెదురు కిటికీలు ఎందుకంటే, గాలి తగిలే గోడ మీద ఒత్తిడి ఎక్కువ, అవతలి గోడ మీద తక్కువ. రెండిటికీ దారి ఇస్తే గాలి గదిని అడ్డంగా ఊడ్చుకుంటూ పోతుంది. ఒకే గోడకి ఎన్ని కిటికీలు పెట్టినా ఈ పని సరిగా జరగదు. మన అపార్ట్‌మెంట్లలో మూడొంతుల బెడ్‌రూమ్‌లకి ఒకే గోడ బయటికి ఉంటుంది చూడండి, అదీ బాధ.

ఒక చిన్న పక్కదారి, కానీ చెప్పకుండా ఉండలేను. అదే యుద్ధంలో బ్రూనెల్ అనే ఇంజినీర్ ఒక హాస్పిటల్ కట్టాడు. రైల్వేలు, ఓడలు, వంతెనలు కట్టిన ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ ఈయనే. 1855లో ఆయన్ని అడిగితే, చెక్క ముక్కలుగా ఇంగ్లండ్‌లో తయారుచేసి, ఓడల్లో పంపి, టర్కీలో రెంకియోయి అనే చోట బిగించేలా డిజైన్ ఇచ్చాడు. విడివిడి వార్డులు, నేల కింద నుంచి చేత్తో తిప్పే ఫ్యాన్‌తో లోపలికి గాలి. అక్కడ సుమారు 1,300 మంది పేషెంట్లు చేరితే చనిపోయింది 50 మంది. అయితే అప్పటికి యుద్ధం చివరికొచ్చేసింది, ఘోరమైన చలికాలం గడిచిపోయింది, కాబట్టి స్కుటారితో నేరుగా పోల్చకూడదు. అయినా ప్రీఫ్యాబ్ హాస్పిటల్ అంటే మొన్న కరోనాలో కొత్తగా కనిపెట్టారని అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

నైటింగేల్ వార్డు ప్రపంచమంతా పాకింది. లండన్‌లో సెయింట్ థామస్ హాస్పిటల్ 1871లో ఈ పద్ధతిలోనే తెరిచారు. ఆవిడ ఎప్పుడూ ఇండియా రాలేదు, కానీ ఇండియాలోని బ్రిటిష్ సైన్యం బ్యారక్స్ గురించి 1863 రాయల్ కమిషన్ రిపోర్ట్ వెనక ఉన్న బుర్ర ఆవిడదే. వెయ్యిమంది సైనికుల్లో ఏటా 69 మంది చచ్చిపోతున్నారని తేల్చిన రిపోర్ట్ అది. గోదావరి జిల్లాల వాళ్లకి ఇంకో లింక్: మన కాటన్ దొర కాలవల వాదానికి ఇంగ్లండ్‌లో గట్టిగా మద్దతిచ్చినవాళ్లలో ఆవిడ ఒకరు.

సరే, ఇప్పుడు కరెక్ట్ థియరీ వస్తుంది. అది మన ఊరికే వస్తుంది.

1897 ఆగస్టు 20, సికింద్రాబాద్. రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ మైక్రోస్కోప్ కింద దోమ పొట్ట కోసి చూస్తున్నాడు. మలేరియా పేషెంట్‌ని కుట్టిన దోమ. అందులో మలేరియా పరాన్నజీవి కనపడింది. చెడు గాలి అనే పేరున్న జబ్బు గాలిలో లేదు, దోమలో ఉంది. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే ఉంది. ఇందులో ఒక డిటెయిల్ నాకు భలే నచ్చుతుంది. ఆ ఉక్కపోతలో రాస్ పంకా లాగించుకోలేదట, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని. చెడు గాలి థియరీని పడగొట్టిన మనిషి గాలి లేకుండా కూర్చుని పడగొట్టాడన్నమాట.

కలరా నీళ్లలోంచి. మలేరియా దోమలోంచి. టైఫాయిడ్ నీళ్లు, తిండి. ఒక్కొక్కటిగా గాలి చేతిలోంచి జబ్బులు జారిపోయాయి. 1910లో చార్లెస్ చాపిన్ అనే అమెరికన్ హెల్త్ ఆఫీసర్ ఒక పుస్తకం రాశాడు. జబ్బులు అంటుకునేది ప్రధానంగా తాకడం వల్ల, దగ్గరగా తుమ్మితే పడే తుంపర్ల వల్ల అని, గాలిలో దూరం వెళ్లి అంటుకోవడం అరుదు అని. ఆయన భయం కూడా న్యాయమైందే. జబ్బు గాలిలోనే ఉందని జనం నమ్మితే ఇక చేతులు ఎవరు కడుక్కుంటారు, ఏం చేసినా తప్పదు కదా అని వదిలేస్తారు. చాపిన్ మాట తర్వాత కొన్ని తరాల పాటు పబ్లిక్ హెల్త్‌లో పాతుకుపోయింది.

కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్తా. ఒక పాత ఫంక్షన్ ఉంది, బాగా పని చేస్తోంది. దాని మీద రాసిన కామెంట్ మాత్రం తప్పు. "ఇది విషవాయువుని తీసేస్తుంది" అని రాసుంది. కొత్తగా టీమ్‌లోకి వచ్చినవాడు చూశాడు. విషవాయువు అనేదే లేదు కదా, మరి ఈ ఫంక్షన్ ఎందుకు అని మొత్తం డిలీట్ కొట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో హాస్పిటల్ కిటికీలకి జరిగింది దాదాపు ఇదే.

దాదాపు అని ఎందుకన్నానంటే, ఒక జబ్బు మాత్రం కిటికీల్ని ఇంకో యాభై ఏళ్లు కాపాడింది. క్షయ. టీబీ.

రాబర్ట్ కోచ్ 1882లోనే టీబీ బ్యాక్టీరియాని చూపించాడు. శత్రువు ఎవరో తెలిసింది, కానీ చంపే మందు 1940లదాకా లేదు. మరి పేషెంట్లని ఏం చేయాలి? మంచి తిండి, విశ్రాంతి, బయటి గాలి. యూరప్ కొండల్లో శానటోరియంలు లేచాయి. ఫిన్లాండ్‌లో అల్వార్ ఆల్టో 1933లో పూర్తి చేసిన పైమియో శానటోరియంలో మంచాలతో సహా పేషెంట్లు బయటికి వచ్చే బాల్కనీలున్నాయి. పెద్ద కిటికీలు, తెల్ల గోడలు, పొడుగు బాల్కనీలు అని మనం మోడరన్ ఇల్లు అనుకునే ఆ లుక్ వెనక టీబీ భయం చాలా ఉంది.

మన దగ్గర? మదనపల్లె. సముద్ర మట్టానికి 2,300 అడుగుల ఎత్తు, పొడి గాలి. ఠాగూర్ జనగణమనకి ఇంగ్లిష్ అనువాదం చేసిన ఊరు అని మీకు తెలిసే ఉంటుంది. దాని పక్కనే ఆరోగ్యవరం. దక్షిణ భారతంలోని చాలా క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన టీబీ శానటోరియం 1915 నుంచి అక్కడ నడిచింది, దాన్ని నిలబెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. తెలంగాణలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో ఇంకోటి. మంగళగిరిలో ఇంకోటి. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్నది ఆ పాత శానటోరియం స్థలంలోనే. ఊరికి దూరం, కొండ పక్కన, చెట్ల మధ్య, చుట్టూ వరండాలు. పాత టీబీ ఆసుపత్రి ఎక్కడున్నా స్థలం ఇలాంటిదే ఎంచుకున్నారు.

కొండ గాలి టీబీని తగ్గిస్తుందా? గాలి పీలిస్తే బ్యాక్టీరియా చావదు. దేహానికి విశ్రాంతి, తిండి దొరికి కొందరు నిలదొక్కుకున్నారు, చాలామంది నిలదొక్కుకోలేదు. ఆ గాలి ఇంకో పని చేస్తూ ఉండాలి, ఎవరూ దాన్ని లెక్కపెట్టలేదు. ఒకడు దగ్గిన గాలి పక్క మంచం దాకా, నర్సు దాకా వెళ్లకుండా పలచన చేసి బయటికి ఊడ్చేయడం.

తర్వాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, ఐసోనియాజిడ్ వచ్చింది. 1956లో మద్రాస్‌లో ఒక సెంటర్ పెట్టి ఒక స్టడీ చేశారు. ఇరుకిళ్లలో ఉండే పేద పేషెంట్లని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియంలో, మంచి తిండి, విశ్రాంతి, నర్సులు. ఇంకో గుంపు వాళ్ల ఇళ్లలోనే. ఇద్దరికీ ఒకే మందులు, ఒక సంవత్సరం. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబసభ్యులకి ఎక్కువగా అంటుకోలేదు కూడా. ప్రపంచంలో టీబీ వైద్యాన్ని మార్చేసిన స్టడీ ఇది, మన పక్కింట్లో జరిగింది. కొన్ని లక్షల కుటుంబాలు నాన్ననో అమ్మనో రెండేళ్లు కొండ మీద వదిలి రావాల్సిన పని తప్పింది. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు.

కానీ దాంతో కిటికీకి ఉన్న ఆఖరి ఉద్యోగం కూడా పోయింది. మందుంటే గాలి ఎందుకు?

అప్పటికే ఏసీ రెడీగా ఉంది. విల్లిస్ క్యారియర్ 1902లో మొదటిది డిజైన్ చేసింది మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం తేమకి సాగకుండా ఉండాలని. తర్వాత మనుషులకి వచ్చింది. ఏసీ, ట్యూబ్‌లైట్ ఉంటే బిల్డింగ్‌ని ఎంత లావుగా అయినా కట్టొచ్చు, మధ్య గదులకి కిటికీ అక్కర్లేదు. నైటింగేల్ వార్డు సన్నగా ఉండేది, ఎందుకంటే గాలి అడ్డంగా దాటాలి. లావు బిల్డింగ్ స్థలం ఆదా చేస్తుంది. ఆ లెక్క ముందు ఎవరు నిలబడతారు!

ఇక బయటి గాలి ఎంత ఇవ్వాలనే లెక్క కూడా తగ్గుతూ వచ్చింది. 1893లో జాన్ షా బిల్లింగ్స్ అనే డాక్టర్ మనిషికి నిమిషానికి కనీసం 30 ఘనపుటడుగుల బయటి గాలి కావాలన్నాడు, అది జబ్బులు దృష్టిలో పెట్టుకుని. తర్వాత ఇంజినీర్లు ప్రశ్న మార్చారు. జబ్బు వదిలేసి, చెమట వాసన రాకుండా ఉంటే చాలు అన్నారు. 1946కి అది 10 అయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చి, బయటి గాలిని చల్లబరచడం, వేడి చేయడం ఖర్చు అని, 1981 అమెరికన్ స్టాండర్డ్‌లో సిగరెట్ తాగని ఆఫీసుకి 5 చాలన్నారు. జనానికి తలనొప్పులు, కళ్ల మంటలు మొదలయ్యాక 1989లో మళ్లీ పెంచారు.

ఇదంతా జరుగుతుండగా ఒక మనిషి ఒంటరిగా కొట్టుకున్నాడు. విలియం వెల్స్. 1930లలోనే ఆయన చెప్పింది, దగ్గినప్పుడు వచ్చే పెద్ద తుంపరలు కింద పడతాయి, కానీ చిన్నవి పడేలోపే ఆరిపోయి, ధూళి కణాల్లా గంటల తరబడి గాలిలో తేలతాయి అని. ఎవరూ పెద్దగా వినలేదు. 1950లలో రిచర్డ్ రైలీతో కలిసి బాల్టిమోర్‌లో ఒక టీబీ వార్డు గాలిని పైపుల ద్వారా పైన బోనుల్లో ఉన్న గినీ పందులకి పంపారు. పేషెంట్లని చూడలేదు, తాకలేదు, కేవలం ఆ గాలి పీల్చాయి. వాటికి టీబీ వచ్చింది. అదే గాలిని అల్ట్రావయొలెట్ లైట్ మీదుగా పంపితే రాలేదు. ఇంతకంటే క్లియర్ ప్రూఫ్ ఏం కావాలి? టీబీ వరకు ఒప్పుకున్నారు, మిగతా జబ్బులకి "అరుదు" అన్న పాత మాటే.

1974లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక స్కూల్. రెండో తరగతి పాపకి తట్టు. ఆ ఒక్క పాప నుంచి 28 మంది పిల్లలకి అంటుకుంది, 14 వేర్వేరు క్లాసుల్లో. వాళ్లలో చాలామంది ఆ పాపతో ఒకే గదిలో కూర్చోలేదు. స్కూల్ వెంటిలేషన్ సిస్టమ్ గాలిని తిప్పి తిప్పి అన్ని గదులకీ పంచింది. రైలీ ఈ కేసు నుంచి ఒక ఈక్వేషన్ కట్టాడు, దాన్ని ఇప్పుడు వెల్స్ రైలీ మోడల్ అంటారు. సారాంశం సింపుల్: గదిలో అంటించేవాళ్లు ఎంతమంది, మనం ఎంతసేపున్నాం అనేవి పైన, గదిలోకి వచ్చే కొత్త గాలి కింద. కింద నంబర్ పెద్దదయ్యేకొద్దీ రిస్క్ తగ్గుతుంది.

2007లో పెరూ రాజధాని లిమాలో ఈ మోడల్‌ని పాత హాస్పిటళ్ల మీద పరీక్షించారు. ఈ ఎపిసోడ్ మొత్తానికి నాకు ముఖ్యమైన పేపర్ ఇదే. ఎనిమిది హాస్పిటళ్లు, 70 మామూలు కిటికీ గదులు. పక్కన పోల్చడానికి 2000 తర్వాత కట్టిన 12 ఫ్యాన్ల గదులు, అంటే గంటకి 12 సార్లు గది గాలి మార్చేలా డిజైన్ చేసినవి. కిటికీలు, తలుపులు తెరిచి కొలిస్తే మామూలు గదుల్లో గాలి గంటకి 28 సార్లు మారింది. 50 ఏళ్లకి పైబడ్డ, ఎత్తు కప్పులు, పెద్ద కిటికీలున్న గదుల్లో 40 సార్లు. కొత్తగా కట్టిన కిటికీ గదుల్లో 17. మందులు మొదలుపెట్టని టీబీ పేషెంట్లతో 24 గంటలుంటే ఎంతమందికి అంటుకుంటుందో లెక్క వేస్తే, మెషీన్ గదుల్లో 39 శాతం, కొత్త కిటికీ గదుల్లో 33, పాత గదుల్లో 11. కిటికీలన్నీ మూసేస్తే 97.

బిల్డింగ్ కట్టినవాళ్లకి టీబీ ఎలా అంటుకుంటుందో తెలియదు. చెడు గాలి అనుకునే కట్టారు. వాళ్ల గది గెలిచింది.

అయితే పాతదంతా గొప్ప అనే వాట్సాప్ ఫార్వర్డ్ టైపు మాట నా నోటితో చెప్పించకండి. కిటికీ బయట గాలి ఆగితే లోపలా ఆగుతుంది. చలి దేశంలో డిసెంబర్‌లో ఎవరూ తెరవరు. పేషెంట్ గది గాలి వరండాలోకి పోతుందో బయటికి పోతుందో కిటికీ చెప్పలేదు, మంచి ఫ్యాన్ సిస్టమ్ చెప్పగలదు. ఆపరేషన్ థియేటర్‌కి కిటికీ పెట్టలేం. మనకి దోమలున్నాయి, రాస్ గారి దయవల్ల అవేం చేస్తాయో తెలుసు, జాలీ కొడితే గాలి తగ్గుతుంది. ఢిల్లీలో నవంబర్‌లో కిటికీ తెరవమని నేను చెప్పను.

ఇక కరోనా. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్విట్టర్‌లో పెట్టింది, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు, ఇది ఫ్యాక్ట్ అని. చాపిన్ నీడ చూడండి, 110 ఏళ్ల తర్వాత. జూలైలో లిడియా మొరావ్‌స్కా అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి 239 మంది మద్దతుతో బహిరంగ లేఖ రాశారు, గాలిని పట్టించుకోండి అని. గాలి సంగతి ఆ సంస్థ సూటిగా రాయడానికి 2021 ఏప్రిల్ దాకా పట్టింది. ఈ లోపు మనం ఏం చేశాం? కూరగాయలు సబ్బుతో కడిగాం, పాల ప్యాకెట్‌కి శానిటైజర్ కొట్టాం, మూసిన ఏసీ గదుల్లో ఆరడుగుల దూరం కొలుచుకుని కూర్చున్నాం.

అదే 2020 జూలైలో వానలకి ఉస్మానియా పాత బిల్డింగ్‌లోకి నీళ్లొచ్చాయి, పేషెంట్లని ఖాళీ చేయించారు. కూల్చాలా ఉంచాలా అని ఏళ్ల తరబడి గొడవ. వారసత్వం, నిజాం, గుమ్మటాలు, రాజకీయం, అన్నీ మాట్లాడారు. ఆ వార్డుల్లో గంటకి గాలి ఎన్నిసార్లు మారుతుంది అనే ప్రశ్న మాత్రం ఆ గొడవలో నాకెక్కడా వినపడలేదు. ఆ బిల్డింగ్ సంగతి ఏమైనా కానీ, కొత్తగా కట్టే హాస్పిటల్ ప్లాన్ దగ్గర ఆ ప్రశ్న అడగాలి కదా.

చాలామందికి తెలియంది ఒకటి చెప్పేస్తా. మన ఇళ్లలో గోడకి ఉండే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. బయట పెట్టిన యూనిట్‌తో లోపలిదానికి కలిపేది గ్యాస్ పైపు మాత్రమే. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం చుట్టూ ఉంటుంది. ఇద్దరు పడుకున్న మూసిన బెడ్‌రూమ్‌లో తెల్లారేసరికి అది తేలిగ్గా 2,000 దాటుతుంది. చిన్న మీటర్లు దొరుకుతున్నాయి, పెట్టి చూడండి. ఆ నంబర్ ఎంత పెరిగితే అంతగా మీరు పక్కవాళ్లు వదిలిన గాలి పీలుస్తున్నట్టు. మీ కోచింగ్ సెంటర్ క్లాస్‌రూమ్‌లో, మీ ఆఫీస్ మీటింగ్ రూమ్‌లో పెట్టి చూస్తే ఇంకా మజా.

లిమా వాళ్లు ఆ పేపర్‌తో ఆగలేదు. తర్వాత కొన్ని హాస్పిటళ్లలో చిన్న చిన్న మార్పులు చేసి మళ్లీ కొలిచారు. మూసి పెట్టిన పైకప్పు కిటికీలు తెరిచారు, వెయిటింగ్ రూమ్‌ని బయటికి మార్చారు. కొత్త బిల్డింగ్ ఏమీ కట్టలేదు. రిస్క్ బాగా తగ్గింది.

మీ ఊళ్లో పాత హాస్పిటల్ ఉంటే, దాని కిటికీలు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఫోటో తీసి పంపండి. తెరిచున్నాయా, మేకులు కొట్టేశారా, దాంట్లో ఏసీ దూర్చారా. మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటాను, బై.